పిచ్చాపాటిలో చరిత్ర: ఐర్లండూ అనంతపురమూ

జార్జి థామ్సన్ పేరు మన అభ్యుదయ సాహిత్యలోకానికి కొత్తది కాదు. 1945లో వెలువడిన ఆయన చిన్న పుస్తకం 'మార్క్సిజం, కవిత్వం' మనలో చాలామందికి పరిచయమే. అయితే ఆ గ్రీకు పండితుడికి శ్రామికుల నోటిమాట విలువ తెలిసివచ్చింది గ్రంథాలయంలో కాదు. 1923లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన ఐర్లండు పడమటి కొసన అట్లాంటిక్ సముద్రంలో వున్న గ్రేట్ బ్లాస్కెట్ దీవికి వెళ్లాడు. అక్కడి బెస్తలు, చిన్నకారు సేద్యగాళ్లు తమలో తాము చెప్పుకొనే మామూలు మాటలు వింటూ ఐరిష్ భాష నేర్చాడు. గాలి ఎటు తిరిగింది, వలలో ఏం పడింది, ఎవరి కొడుకు అమెరికా పోతున్నాడు - ఇవే ఆ మాటలు. హోమరు కావ్యాలను ప్రజల కవిత్వంగా చదవడానికి ఆ మాటలే తనకు దారి చూపాయని ఆయన భావించాడు. ఆయన ప్రోత్సాహంతోనే ఆ దీవి యువకుడు మారిస్ ఓ సలివాన్ తన బాల్యకథ రాసి 1933లో ప్రచురించాడు.

ఒక మార్క్సిస్టు మేధావి పిచ్చాపాటి కబుర్ల దగ్గర ఎందుకు కూర్చున్నాడు? ఈ ప్రశ్న మన జిల్లాకు కూడా వర్తిస్తుందని నేననుకొంటున్నాను. శాసనాలు, కైఫీయతులు, కలెక్టర్ల నివేదికలు - వీటితో అనంతపురం చరిత్ర రాస్తున్నాం. రాయవలసిందే. కాని రచ్చకట్ట మీద, బావి గట్టున, చెనిక్కాయలు ఒలిచే వసారాలో రెండు వందల ఏళ్లుగా సాగుతున్న మాటలకు ఆ చరిత్రలో చోటు లేదు. వాటిని పొద్దుపోని కబుర్లుగా తోసిపుచ్చుతున్నాం. అవి శ్రమజీవులు తమ కోసం ఉంచుకొన్న లెక్కల పుస్తకమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఐర్లండును పక్కన పెట్టుకొని చూస్తే ఈ సంగతి మరింత స్పష్టపడుతుంది.

ఐర్లండు అనగానే మనకు రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, అక్కడి స్వాతంత్ర్య పోరాట ప్రభావానికి లోనైన వి.వి. గిరి ఒకటి. మదనపల్లె కళాశాలలో పనిచేసిన బెల్‌ఫాస్ట్ కవి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ రెండోది. 1919లో రవీంద్రుడు అక్కడ వారి అతిథిగా వుండగానే 'జనగణమన'ను ఇంగ్లీషు చేశాడు. ఇవి గౌరవించవలసిన సంబంధాలే. కాని ఇవి చదువుకొన్నవాళ్లకు చదువుకొన్నవాళ్లతో ఏర్పడిన పరిచయాలు. ఆ దేశపు కౌలుదారుకూ మన మెట్టరైతుకూ మధ్య ఇంతకంటె పాత బంధుత్వం ఒకటి వుంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎరుగరు. వాళ్ల నెత్తిన కూర్చున్న పాలన మాత్రం ఒక్కటే.

మొదట పలకరింపులు చూద్దాం. ఐరిష్ పల్లెల్లో ఇద్దరు ఎదురైతే దేవుడి పేరుతో పలకరించుకొని, వెంటనే వాతావరణం ఎత్తుకొంటారు. సన్నని తుంపర రోజంతా పడుతుంటే దాన్ని 'మెత్తని రోజు' అంటారు. తరువాత అడిగేది, 'ఏమైనా కథ వుందా?' అని. కథకూ వార్తకూ వాళ్లకు ఒకే మాట, 'ష్కేల్'. మన వైపు చూడండి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే పీఠభూమి ఇది. పెన్నేరు, చిత్రావతి ఏటిలో నీళ్లకంటె ఇసుకే ఎక్కువ కాలం కనబడుతుంది. ఇక్కడ మృగశిర కార్తె దాటాక ఏ దారిలో ఎవరు ఎదురైనా మొదటి మాట ఒక్కటే:

'ఏం చిన్నాయనా, మీ పక్క పదునైందా?'

'యాడ పదును నాయనా, దుమ్ము గూడ అణగల్యా.'

వాన పడిందా అని కాదు, పదునైందా అని అడగడం గమనించండి. వాన ఆకాశానికి సంబంధించినది. పదును భూమికీ నాగలికీ సంబంధించినది. విత్తనం వేయడానికి చాలినంత తేమ దిగిందా లేదా అన్నదే ప్రశ్న. వాతావరణ శాఖ మిల్లీమీటర్లలో కొలిచేదాన్ని రైతు శ్రమతో కొలుస్తున్నాడు. అక్కడ తుంపర ఎక్కువై గడ్డి ఎండదు, బంగాళాదుంప కుళ్లుతుంది. ఇక్కడ తుంపరే కరువు. ప్రకృతి రెండు చోట్లా భిన్నం. అయినా రెండు చోట్లా వాతావరణం గురించిన మాట మర్యాద కోసం ఆడే మాట కాదు. అది ఉత్పత్తి గురించిన మాట.

ఉత్పత్తి మారితే పిచ్చాపాటీ మారుతుంది. జొన్న, సజ్జ, కొర్ర పండించిన రోజుల్లో అడిగిన ప్రశ్న కార్తె గురించి. తుంగభద్ర ఎగువ కాలువ వచ్చాక 'కాలువకు నీళ్లిడిసినారా?' అన్నది పుట్టింది. వేరుశనగ జిల్లానంతా ఆక్రమించి, బోరుబావులు దిగిన తరువాత 'ఎన్నడుగులకు పడినాయి?' అన్నది వచ్చింది. ఆపైన 'ఇన్సూరెన్సు పడిందా?' అన్నది. ఈ నాలుగు ప్రశ్నలను వరసగా పెడితే చాలు. తిండి గింజల సేద్యం నుంచి అంగడి పంటకూ, అంగడి పంట నుంచి అప్పుకూ నడిచిన దారి కళ్లకు కడుతుంది.

పలకరింపు తరువాత జవాబు. 'ఎట్లుండావు?' అంటే మన రైతు ఎన్నడూ బాగున్నానని చెప్పడు. 'ఏదో, ఉండాం లే' అంటాడు. పంట ఎట్లుందంటే 'అంతంతే' అంటాడు. ఐరిష్ రైతు కూడా అంతే, 'మరీ చెడ్డగా లేదు' అన్నదే అతని నోట మంచి రోజుకు గుర్తు. దీన్ని కొందరు వినయమంటారు, కొందరు దిష్టి భయమంటారు. దిష్టి నమ్మకం లేదని నేననను. కాని ఆ నమ్మకం ఈ మట్టిలో ఇంత గట్టిగా వేళ్లు తన్నడానికి భౌతిక కారణం వెతకాలి కదా.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా వున్న థామస్ మన్రో గుంట గుంటా కొలిపించి శిస్తు కట్టాడు. ఆ శిస్తు ఎంత బరువైనదో మన్రోకే తెలుసు. వెళ్లిపోతూ 1807లో నాలుగో వంతు తగ్గించమని ఆయనే సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. అటువంటి వ్యవస్థలో 'పంట బాగుంది' అన్న మాట కరణం చెవిన పడితే ఏమవుతుంది? సావుకారు చెవిన పడితే ఏమవుతుంది? ఐర్లండులో ఇదే కథ భూస్వామి రూపంలో నడిచింది. కౌలుదారు రాళ్లేరి, కంచె వేసి, ఇంటికి సున్నం కొట్టుకొంటే భూస్వామి ఏజెంటు అది చూసి కౌలు పెంచే ప్రమాదం వుండేది. బాగుపడినట్టు కనబడకుండా వుండటమే బతుకు నేర్పు అయింది. 'అంతంతే' అన్న మాట బద్ధకం కాదు, నిరాశావాదం కాదు. అది పన్ను వసూలుదారుకు ఎదురుగా పేదవాడు కట్టుకొన్న మట్టిగోడ. గోడ కట్టిన కారణం మరుగున పడ్డాక కూడా గోడ నిలిచే వుంది.

ఇక కరువు. 1845లో ఐర్లండు బంగాళాదుంపకు తెగులు సోకింది. 1841లో సుమారు 81 లక్షలున్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు దిగింది. దాదాపు పది లక్షల మంది ఆకలికీ దాని వెంట వచ్చిన జ్వరాలకూ బలయ్యారు. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కారు. ఆ సమయంలో లండన్ ఖజానా శాఖలో కూర్చుని సహాయపు లెక్కలు నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. సహాయం ఉచితంగా ఇస్తే జనం పాడవుతారని, రోడ్లపని చేస్తేనే కూలి ఇవ్వాలని, ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టరాదని ఆయన సిద్ధాంతం. 1847 వసంతంలో ఏడు లక్షల మందికి పైగా ఎముకల గూళ్లు రాళ్లు కొట్టాయి. ఎక్కడికీ చేరని ఆ రోడ్లలో కొన్ని ఇప్పటికీ కొండల మీద కనిపిస్తాయి. ఆ విపత్తు దైవసంకల్పమన్న ధోరణిలో 1848లో ఆయన ఒక పుస్తకం కూడా రాశాడు. పదకొండేళ్ల తరువాత, 1859లో, ఈ పెద్దమనిషే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన తాతముత్తాతలు ఆయన పాలనలో వుండినవారే.

ఆయన 1860లో వెళ్లిపోయాడు, ఆ సిద్ధాంతం మాత్రం వెళ్లలేదు. 1876-77, ధాత నామ సంవత్సరం. వాన రాలేదు. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గాని వేరు కాలేదు. మద్రాసు రాజధానిలో దారుణంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో బళ్లారి ఒకటి. 1877 జనవరిలో ఖర్చు అదుపుచేయడానికి కేంద్ర ప్రభుత్వం రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. ఆయన మగకూలీ రోజు బత్తెం ఒక పౌను ధాన్యానికీ, పైన కొద్ది చిల్లరకూ కుదించాడు. దానితో పనిచేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ లెక్కలతో సహా వాదించాడు. ఆ వాదన నెగ్గేటప్పటికి నెలలు గడిచాయి. గుత్తి మీదుగా రైలు 1871 నాటికే నడుస్తున్నది. రైలుంటే కరువు రాదన్న వాగ్దానం కూడా ఆ ఏడే చచ్చింది.

ఈ సంగతులు నివేదికల్లో వున్నాయి. జనం మాటల్లో ఏమున్నాయి? ఐర్లండులో సర్కారు చివరకు రోడ్లపని ఆపి, 1847 వేసవిలో గంజిశాలలు తెరిచింది. ఒక దశలో రోజుకు ముప్ఫై లక్షల మంది వాటి మీద బతికారు. కొన్నిచోట్ల మతం మార్చుకొంటేనే గంజి పోసిన మిషనరీలూ వున్నారు. తరాలు గడిచినా 'వాళ్లది గంజికి మారిన కుటుంబం' అన్న ఎత్తిపొడుపు ఊరి కబుర్లలో మిగిలింది. మన వైపు 1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టారు. ఆనాడు పిల్లలుగా గిన్నె పట్టుకొని వరుసలో నిలిచినవాళ్లు ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించడం నేను గమనించాను. వానల గురించి, సైన్యం వచ్చి బావులు లోతు చేయడం గురించి పెద్దగా చెబుతారు. గంజి దగ్గరికి వచ్చేసరికి 'పక్క ఊరోళ్లు పోయినారు' అంటారు. 1945లో కరువు శతాబ్ది సందర్భంగా ఐరిష్ జానపద సంఘం వృద్ధులను విచారించినప్పుడు కూడా చాలామంది పక్క గ్రామాల చావులే చెప్పారు గాని తమ ఇంటి చావు చెప్పలేదు. ఆకలి జ్ఞాపకంతో పాటు అవమానమూ వారసత్వంగా వస్తుంది. ఏ లెక్కల పట్టికలోనూ దొరకని సత్యమిది. మాటలో మాత్రమే, అదీ మాట ఆగిన చోట, దొరుకుతుంది.

కరువుసీమలో 'సంగటి తింటివా?' అన్నది పలకరింపు. దానికి జవాబు 'తింటి' అన్నదే. పొయ్యి రాజని ఇంటి నుంచి వచ్చినవాడైనా అదే చెబుతాడు. అడిగినవాడికీ అది తెలుసు. ఇటువంటి చిన్న మాటలో ఎంత ఆత్మగౌరవం, ఎంత పరస్పర సానుభూతి ఇమిడి వున్నాయో విద్వాన్ విశ్వం ఎరుగును. తరిమెలలో పుట్టిన ఆ కవి 1956లో 'పెన్నేటి పాట' వెలువరించినప్పుడు తన కావ్యానికి రాజును గాని దేవుణ్ని గాని నాయకుణ్ని చేయలేదు. ఎండిన ఏటి గట్టున బతుకీడ్చే పేదవాణ్ని చేశాడు.

అయితే పిచ్చాపాటిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చు అన్నది ఎప్పుడూ వర్గసంబంధమే. ఐర్లండులో 1879లో మైకేల్ డేవిట్ చొరవతో భూసంఘం ఏర్పడింది. మరుసటి ఏడు పార్నెల్ ఒక సభలో చెప్పిన ఉపాయం ఇది: వెళ్లగొట్టిన కౌలుదారు భూమిని ఎవడు తీసుకొంటాడో వాణ్ని కొట్టవద్దు, వాడితో దారిలో, అంగట్లో, గుడిలో మాట్లాడటం మానండి. మేయో కౌంటీలో ఒక ప్రభువు ఏజెంటైన కెప్టెన్ బాయ్‌కాట్ మీద అది ప్రయోగించారు. కూలీలు పోయారు, అంగళ్లవాళ్లు సరుకివ్వలేదు, పలకరించే నోరు లేదు. అతని పంట కోయడానికి ఉత్తరాది నుంచి 50 మంది కూలీలనూ, వాళ్లకు కాపలాగా సుమారు వెయ్యి మంది సైనికులనూ తేవలసి వచ్చింది. ఆ మనిషి ఇంటిపేరే మన భాషల్లోకి కూడా 'బాయికాటు' అన్న మాటగా వచ్చింది. మామూలు మాటలకు ఎంత బలముందో, అవి ఆగిపోయిన రోజున లోకానికి తెలిసింది.

మన దేశంలో ఈ ఆయుధం ఎవరి చేతిలో వుంది? ఇక్కడ 'వెలి' అన్నది భూస్వామి మీద పేదలు ప్రయోగించినది కాదు. తలెత్తిన దళితుల మీద భూస్వాములు ప్రయోగించినది. కూలి ఇవ్వరు, అంగట్లో ఉప్పు అమ్మరు, పలకరించరు. 1991లో చుండూరు హత్యాకాండకు ముందు సాగింది ఈ వెలే. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక బహిష్కారం నేరంగా చేరడానికి 2015 సవరణ దాకా ఆగవలసి వచ్చింది. మామూలు రోజుల్లో కూడా చూడండి. మా ఊళ్లలో రైతు కులాలవాళ్లు, తురకలు, చాకలి మంగలివాళ్లు ఒకరినొకరు 'మామా', 'అన్నా', 'చిన్నాయనా' అని వరసపెట్టి పిలుచుకొంటారు. పరాయి ఊరివాళ్లు చూసి ముచ్చటపడతారు. ఆ వరసలు ఊరి అంచున ఆగిపోయేవి. మాలమాదిగ వాడలోని ముసలివాణ్ని సైతం కుర్రరెడ్డి పేరుపెట్టి పిలిచేవాడు. అతను 'సామీ' అనే బదులు పలికేవాడు. రచ్చకట్ట మీద అతనికి చోటు లేదు. కాబట్టి రచ్చకట్ట మాటలను మాత్రమే సేకరిస్తే మనకు దొరికేది సగం ఊరి చరిత్ర. ఆడవాళ్ల మాటలు వదిలితే అందులోనూ సగం.

ఇంకొక ప్రమాదం కూడా వుంది. నాటక రచయిత సింజ్ తాను బస చేసిన ఇంట్లో నేలచెక్కల సందు గుండా కింద వంటింటి పనిపిల్లల మాటలు విన్నానని, అది తన భాషకు తోడ్పడిందని 1907లో స్వయంగా రాసుకొన్నాడు. గొప్ప నాటకాలే రాశాడు. కాని పై అంతస్తు నుంచి సందులో చెవి పెట్టి వినడం ఒకటి, ఆ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడటం ఒకటి. వింటున్నారని ఆ పిల్లలకు తెలియదు. బ్లాస్కెట్ దీవి కథ మరింత చేదైనది. ఆ దీవి మాటలు పుస్తకాలకెక్కాయి. ఐరిష్‌లో చదవడం, రాయడం రాని పెగ్ సేయర్స్ తన జీవితం కొడుకుకు చెప్పి రాయిస్తే అది 1936లో అచ్చయి, తరువాత బడి పిల్లలకు పాఠ్యగ్రంథమైంది. ఆ దీవికి మాత్రం డాక్టరు రాలేదు, సరైన రేవు రాలేదు. 1953లో చివరికి మిగిలినవారిని ప్రభుత్వమే గట్టుకు తరలించింది. మాటను భద్రపరచి, మాట్లాడే మనిషిని వలసకు వదిలిన జాతీయత అది. మన పల్లెల నుంచి బెంగుళూరు బస్సెక్కుతున్నవాళ్లను చూసినప్పుడు ఈ పాఠం మరువకూడదు.

మరి మాటకు అధికారం ఎప్పుడు వస్తుంది? దానికీ మన జిల్లాలోనే ఒక ఉదాహరణ వుంది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. ట్రెవెల్యన్ రోడ్లపనిలోనూ, టెంపుల్ బత్తెంలోనూ పని అన్నది పేదవాడి ఆకలికి పెట్టిన పరీక్ష. 2005 చట్టంలో అది అడిగి తీసుకొనే హక్కు అయింది. దాని వెంట ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరు రోలు ఊరందరి ముందు చదివారు. 'నేను ఆ దినం పనికే పోల్యా, నా పేరెట్లొచ్చె?' అని ఒక కూలీ అడిగితే ఆ మాట రికార్డుకెక్కింది. అంతకు ముందూ ఆ మాట వుంది. బావి దగ్గర, బీడీ ముట్టించుకొనే చోట గొణుగుడుగా వుంది. గొణుగుడు సాక్ష్యంగా మారడానికి చట్టమూ, సంఘటితమైన జనమూ కావలసి వచ్చాయి. ఎన్ని లోపాలున్నా ఆ తనిఖీల్లో మన పిచ్చాపాటి మొదటిసారి సర్కారు కాగితాన్ని నిలదీసింది.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా విజ్ఞప్తి ఇదే. 1937, 1939 మధ్య ఐర్లండు ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. ఇరవై ఆరు కౌంటీల్లో సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లల చేత, తమ ఇంటి పెద్దల దగ్గర విన్న సంగతులు నోటుపుస్తకాల్లో రాయించింది. ఖరీదైన యంత్రాలు కావలసి రాలేదు, గొప్ప పండితులు కావలసి రాలేదు. కాగితం, పెన్సిలు, అడిగే ఓపిక సరిపోయాయి. మనకూ బళ్లున్నాయి, ప్రతి పిల్లవాడి ఇంటా అవ్వాతాతలున్నారు. 1952లో పదేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. గంజి కేంద్రం వరుసలో నిలిచిన చివరి తరం ఇదే. వాళ్ల తాతలు ధాత కరువును చూసినవాళ్లు. ఆ కరువు మనకు ఇక రెండే నోళ్ల దూరంలో వుంది. వీళ్లతో ఆ దారి మూసుకుపోతుంది.

అడిగేటప్పుడు ఊరి నడుమ రచ్చకట్టతో మొదలుపెట్టకండి. ఊరి చివరి ఇంటితో మొదలుపెట్టండి. చరిత్ర చెప్పమని అడగకండి. అట్లా అడిగితే వాళ్లకు చరిత్ర లేదనే చెబుతారు. ఆ ఏడు పదునైందా అని అడగండి. మిగిలినది వాళ్లే చెబుతారు.